పూసిన నాటి పువ్వు: నంద్యాల, ఆళ్లగడ్డ సీమల పుష్ప కైంకర్య చరిత్ర

దేవాలయ జీర్ణోద్ధరణ అనగానే మన దృష్టి ముందుగా విమాన గోపురం మీదికి, ధ్వజస్తంభం మీదికి, ఆళ్లగడ్డ శిల్పుల ఉలి దెబ్బలకు రూపు దాల్చిన రాతి స్తంభాల మీదికి పోవడం సహజం. రాయి తరతరాలు నిలుస్తుంది. దాని మీద చెక్కిన దాత పేరు కూడా దానితో పాటు నిలుస్తుంది. అయితే స్వామి ఆరాధనలో ప్రతి ఉదయం కొత్తగా సమకూర్చవలసిన వస్తువు ఒకటి ఉన్నది. అది పువ్వు. తెల్లవారుజామున విచ్చుకొని, సాయంకాలానికి వాడి, మరునాటికి నిర్మాల్యమై తొలగిపోయే ఆ పువ్వు లేనిదే ఎంతటి గోపురం క్రింద నైనా అర్చన పూర్తి కాదు.

నేడు వేల మైళ్ల దూరాన ఉన్న బిడ్డలు చేతిలోని ఫోనుతోనే నంద్యాలలోని తల్లిదండ్రులకు, ఆళ్లగడ్డలోని కోవెలకు ఆనాటికి ఆనాడే పూలు అందేటట్లు చేయగలుగుతున్నారు. ఇది కాలం తెచ్చిన వింతగా మనకు తోచవచ్చు. కాని కొంచెం వెనుకకు పోయి చూస్తే, పూసిన పువ్వును పూసిన దినమే గమ్యానికి చేర్చడం అనే సమస్య మన ఆలయాలకు ఎంతో ప్రాచీనమైనదని, దాని కొరకే మన పూర్వులు భూములను, తోటలను, వృత్తులను ఏర్పాటు చేశారని తెలియగలదు. ఈ మహాకుంభాభిషేక శుభవేళ ఆ చరిత్రను భక్తమహాశయుల ముందుంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

పర్యుషిత దోషం

నిన్నటి పువ్వును నేడు సమర్పించరాదన్నది పూజా విధులలో ప్రసిద్ధమైన నియమం. నిలువ ఉన్నదానికి 'పర్యుషితం' అని పేరు. తులసీదళానికి, బిల్వపత్రానికి మాత్రం ఈ దోషం లేదని పెద్దలు చెబుతారు. వైష్ణవాలయంలో తులసి, శివాలయంలో బిల్వం నిత్యార్చనకు ఆధారం కావడానికి దైవప్రీతితో పాటు ఈ సౌలభ్యం కూడా ఒక కారణమై ఉండవచ్చు. పూలు దొరకని దినాన కూడా ఆరాధన ఆగిపోకుండా ఆ రెండు దళాలు కాపాడాయి.

పూలను సంపాదించే విధానంలోనూ పెద్దలు ఒక తారతమ్యం చెప్పారు. స్వయంగా పెంచిన తోటలో పూసినవి ఉత్తమం. అడవి నుండి కోసి తెచ్చినవి మధ్యమం. వెల యిచ్చి కొన్నవి అధమం. ఇది ధనవంతుని, కొనుగోలుదారుని నిందించడానికి చెప్పిన మాట కాదు. కొన్న పువ్వు ఎప్పుడు కోసినదో, ఎవరి చేతుల మీదుగా వచ్చినదో కొన్నవానికి తెలియదు. తన తోటలోని పువ్వుకు తానే సాక్షి. తాజాదనానికి పూచీ ఎవరిది అన్నదే ఆ నియమం వెనుక ఉన్న అసలు ప్రశ్న. నేటి పూల ఆర్డరుకు సైతం ఇదే ప్రశ్న.

అనంతాళ్వారు వేసిన బాట

ఈ పూచీని తమ తలకెత్తుకున్న వారిలో అగ్రగణ్యుడు అనంతాళ్వారు. భగవద్రామానుజులు ఒకనాడు సభలో, తిరుమల కొండ మీది చలికి వెరవక అచ్చటనే నివసించి శ్రీనివాసునికి పుష్ప కైంకర్యం చేయగలవారు ఎవరని అడిగినప్పుడు అనంతాళ్వారు ముందుకు వచ్చినట్లు గురుపరంపరా కథలు చెబుతున్నాయి. ఆయన కొండ మీద తోట వేసి, దానికి నీరు కావాలని భార్యతో కలిసి స్వహస్తాలతో చెరువు త్రవ్వినాడు. గర్భవతియైన ఆ సాధ్వికి సాయం చేయవచ్చిన బాలుని మీదికి కోపంతో విసిరిన గునపం స్వామి చుబుకానికి తగిలిందని, నేటికీ స్వామి గడ్డానికి పచ్చకర్పూరం అద్దడం అందుకేనని ప్రతీతి. ఆ గునపాన్ని తిరుమల మహాద్వారం వద్ద భక్తులు నేటికీ దర్శిస్తున్నారు.

ఈ కథలో గమనించవలసిన విశేషం ఒకటి కలదు. రామానుజులు పూలను కొండ మీదికి పంపే ఏర్పాటు చేయలేదు. మనిషిని పంపినారు. పువ్వు దూరప్రయాణానికి తాళదు కనుక, పువ్వు పూసే చోటినే స్వామి సమీపానికి చేర్చినారు. దక్షిణాది ఆలయాలలోని నందనవనాలన్నింటికీ మూలసూత్రం ఇదే.

దీనికి తోడు మరొక పద్ధతి కూడా లేకపోలేదు. శ్రీవిల్లిపుత్తూరులో గోదాదేవి ధరించిన మాలను ఏటా తిరుమల బ్రహ్మోత్సవాలలో గరుడసేవ నిమిత్తం పంపుతున్నారు. శ్రీకృష్ణదేవరాయలు తన ప్రబంధానికి 'ఆముక్తమాల్యద' అని పేరు పెట్టినది ఆ తల్లిని తలచియే. తాను ముడిచిన మాలను స్వామికి సమర్పించినది అని దాని అర్థం. ఆ మాల ఎంతో దూరం నుండి వస్తుంది. దానిని స్వామి స్వీకరించడం తాజాదనాన్ని బట్టి కాదు, ధరించిన వారిని బట్టి. నియమానికి ప్రేమ ఇచ్చిన మినహాయింపు అది.

అహోబిలం: స్వామియే పువ్వు వద్దకు

మన సీమకు వస్తే, ఆళ్లగడ్డకు తూర్పున నల్లమల ఒడిలో నవనారసింహ క్షేత్రమైన అహోబిలం వెలసియున్నది. తిరుమంగై ఆళ్వారు సింగవేళ్ కుండ్రమని కీర్తించిన దివ్యదేశమిది. 1398 ప్రాంతంలో ఆదివణ్ శఠకోపయతీంద్రులు ఇచ్చటనే అహోబిల మఠాన్ని స్థాపించినారు. శ్రీకృష్ణదేవరాయలు తూర్పు దండయాత్ర కాలంలో, 1515-16 ప్రాంతంలో ఈ స్వామిని దర్శించి హారాన్ని, రత్నకంకణాలను, బంగారు పళ్లాన్ని సమర్పించినట్లు శాసనం చెబుతున్నది.

ఆభరణాలను శాసనం లెక్కించింది. ఆనాడు స్వామి మెడలో ఉన్న పూలమాలను లెక్కించలేదు. ఆ మాలలో ఏ పూలు ఉండి ఉంటాయో ఊహించవచ్చును: మల్లె, జాజి, సంపెంగ, గన్నేరు, తామర, మరువం, తులసి. నేడు మన ఉత్సవాలన్నింటినీ పచ్చగా నింపుతున్న బంతిపువ్వు మాత్రం అందులో ఉండి ఉండదు. బంతి, నేలసంపెంగ అమెరికా ఖండంలోని మెక్సికో ప్రాంతపు మొక్కలు. ఐరోపా వారి ఓడలు సముద్ర మార్గాలు తెరచిన తరువాతనే అవి మన దేశానికి వచ్చినవి. పరాయి దేశపు పువ్వును కూడ మన దేవుడు కాదనలేదు. రాయలసీమ రైతు దానిని తన పొలంలో దించుకున్నాడు, అర్చకుడు మాలలో చేర్చుకున్నాడు.

పుష్ప కైంకర్యం ఎంత సుకుమారమైనదో తెలిపే ఘట్టం కూడా అహోబిల చరిత్రలోనే కలదు. 1579లో గోల్కొండ ఇబ్రహీం కుతుబ్‌షా సేనలు హండె నాయకుల తోడ్పాటుతో అహోబిలాన్ని ఆక్రమించి ఆలయాన్ని కొల్లగొట్టాయి. కొన్నేండ్ల పాటు క్షేత్రం పరాధీనమైంది. విజయనగర ప్రభువు శ్రీరంగరాయల కాలంలో, 1584 నాటికి, కొండ్రాజు వెంకటరాజు మొదలైనవారు దానిని విడిపించి ఆరాధనను పునరుద్ధరించారు. దోచుకున్న బంగారం స్థానంలో మరొక దాత మరికొంత బంగారం ఇవ్వవచ్చు. కొన్నేండ్లు నీరు పోయని తోటను మాత్రం ఒక్కదినంలో తిరిగి తెచ్చే రాజు లేడు. మొక్కలు నాటి, అవి పూచే వరకు ఎదురుచూడవలసినదే. జీర్ణోద్ధరణ అంటే గోడలను నిలబెట్టడమే కాదనడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

అహోబిలంలో ఇంకొక అపూర్వమైన ఆచారం ఉన్నది. ఏటా సంక్రాంతి పర్వంలో మొదలయ్యే పారువేట ఉత్సవంలో జ్వాలానరసింహ, ప్రహ్లాదవరద స్వాములు ఒకే పల్లకిలో కొండ దిగి, నలభై దినాలకు పైగా ఆళ్లగడ్డ పరిసరాలలోని ముప్పైకి పైబడిన గ్రామాలలో సంచరిస్తారు. చెంచులక్ష్మితో జరుగబోయే తమ కల్యాణానికి స్వామి తానే వచ్చి పిలుస్తున్నాడని ఊరివారి విశ్వాసం. పల్లకి నిలిచిన ప్రతి ఊరిలోను ఆ ఊరి పెరటి పూలే స్వామికి మాల అవుతాయి. పువ్వు వాడకుండా స్వామిని చేరలేని చోట, స్వామియే పువ్వు వద్దకు రావడం! దూరాన్ని జయించే ఉపాయాలలో ఇంతకంటె దయగలది మరొకటి లేదు.

నందుల సీమ, నీటి మహిమ

నంద్యాల చుట్టూ ప్రథమనంది, నాగనంది, సోమనంది మొదలుకొని మహానంది వరకు నవనందులు వెలసినవి. మహానంది కోనేటిలో ఏడాది పొడవునా ఊరే స్వచ్ఛమైన జలం ఆలయం దాటి దిగువ పొలాలను తడుపుతుంది. అచ్చటి అరటి తోటలు ప్రసిద్ధమే. నీరున్న చోట పువ్వుంటుంది. మల్లె, కనకాంబరం, జాజి నిత్యం నీరు, నిత్యం మనిషి చేయి కోరే మొక్కలు.

అయితే రాయలసీమ అంతటా ఈ భాగ్యం లేదు. 1860వ దశకంలో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ చేపట్టిన కర్నూలు–కడప కాలువ, 1882లో ప్రభుత్వ పరమై, క్రమంగా నంద్యాల, ఆళ్లగడ్డ పల్లపు భూములకు ప్రాణాధారమైంది. వరి కొరకు వచ్చిన కాలువ గట్టు మీది పూలతోటలను కూడా బ్రతికించింది. కాలువకు నీరు రాని ఏడు పూల ధర పెరగడం ఈ ప్రాంతపు గృహిణులందరికీ అనుభవమే.

మాన్యం పోయి మూర వచ్చింది

పూర్వం నిత్యపుష్పానికి మన పెద్దలు చేసిన ఏర్పాటు పేరు మాన్యం. అర్చకునికి అర్చక మాన్యం, మేళగాండ్రకు మేళం మాన్యం ఉన్నట్లే పూలతోటకును, మాలలు కట్టేవారికిని భూములు ఇచ్చేవారు. వైష్ణవాలయాలలో తోటపని, మాలాకైంకర్యం సాతాని శ్రీవైష్ణవులు వంశపారంపర్యంగా నిర్వహించారు. శివాలయాలలో బిల్వదళాలు, పూలు సమకూర్చే పని తంబళ్లు మొదలైన వారిది. దాత ఒక్కసారి భూమి ఇచ్చేవాడు. అటుపై ఆ భూమి ప్రతి ఉదయం పూలు ఇచ్చేది. దాత గతించిన తరువాత కూడా ఆయన పంపిన పువ్వు ఆనాటిది ఆనాడే స్వామిని చేరేది.

ఆంగ్లేయుల కాలంలో, 1858 తరువాత, మద్రాసు రాష్ట్రపు ఇనాం కమిషన్ ఈ మాన్యాలను విచారించి పట్టాలిచ్చింది. స్వాతంత్ర్యానంతరం 1956 నాటి ఇనాముల రద్దు చట్టం భూస్వామ్య రూపాన్నే మార్చివేసింది. 1987 దేవాదాయ చట్టం అర్చక, మిరాశీ వంశపారంపర్య హక్కులను తొలగించింది. ఈ మార్పులలో న్యాయం ఉన్నది, దున్నేవానికి మేలున్నది. అయితే చాలా ఊళ్లలో భూమికిని కైంకర్యానికిని మధ్య ఉన్న ముడి మాత్రం వీడిపోయింది. తోట పోయిన చోట బజారు వచ్చింది. పువ్వును ఇక మూరలలో కొలవడం మొదలైంది.

ఆ బజారును నిలబెట్టినది రోడ్డు. నంద్యాలకు పందొమ్మిదవ శతాబ్ది చివరనే గుంటూరు–గుంతకల్లు మార్గంలో రైలు వచ్చినను, ఆళ్లగడ్డకు రైలు లేదు. కర్నూలు నుండి నంద్యాల, ఆళ్లగడ్డ, కడపల మీదుగా చిత్తూరు పోయే జాతీయ రహదారియే దానికి ఆధారం. 2010 వరకు 18వ నంబరు, ఆ తరువాత 40వ నంబరు గల ఆ దారిలోనే బస్సు పైకప్పు మీద, డిక్కీలో, తడిగుడ్డ కప్పిన గంపలలో పూలు ప్రయాణం చేశాయి. బెంగళూరులో 1928లో వెలసిన కృష్ణరాజేంద్ర మార్కెట్టు వంటి పెద్ద విపణుల నుండి రాత్రి బయలుదేరిన పూలు తెల్లవారేసరికి సీమ పట్టణాలకు చేరే వ్యవస్థ అలా ఏర్పడింది. కోసింది నిన్న, అమ్మింది నేడు. పర్యుషిత నియమం ఇక్కడనే సన్నగిల్లిందని చెప్పక తప్పదు.

అయినను ఈ బజారులో కూడా భక్తి లేదనుకోరాదు. తెల్లవారక మునుపే మల్లెమొగ్గ కోసే కూలి తల్లులు, గుడివీధి అరుగు మీద అరటినారతో మాల కట్టే స్త్రీలు, రాయలసీమ పట్టణాలలో తరతరాలుగా పూలు కట్టి అమ్ముతున్న ముస్లిం కుటుంబాలు—వీరందరి వ్రేళ్ల మీదుగానే మన స్వామికి అలంకారం జరుగుతున్నది. వీరి పేర్లు ఏ శిలాఫలకం మీదను ఉండవు.

కబురే ప్రయాణం చేస్తుంది

ఇక దూరదేశపు పూల ఆర్డరు సంగతి. ఇది నేటి కంప్యూటరుతో పుట్టినది కాదు. 1910లో అమెరికాలో కొందరు పూల వర్తకులు కలసి ఒక ఒడంబడిక చేసుకున్నారు. ఒక ఊరిలోని కొనుగోలుదారు తన ఊరి దుకాణంలో డబ్బు చెల్లిస్తే, ఆ వర్తకుడు గమ్యస్థానంలోని వర్తకునికి తంతి పంపుతాడు. అచ్చటి వర్తకుడు అచ్చటి పూలతోనే గుచ్ఛం కట్టి ఆనాడే ఇల్లు చేరుస్తాడు. అంటే ఇందులో పువ్వు ప్రయాణం చేయదు. కబురు మాత్రమే ప్రయాణం చేస్తుంది. ఏ యుగంలోనైనా, ఎంత దూరమైనా, అదే దినం పూలు చేరడంలోని రహస్యం ఇంతే. రామానుజులు అనంతాళ్వారును పంపిన సూత్రమే వ్యాపార రూపంలో మరల పుట్టినదని అనిపిస్తుంది.

మన దేశంలో తంతి సేవ 2013 జూలైలో ముగిసింది. అంతకు ముందే, 1995లో ఇంటర్నెట్టు ప్రజలకు అందుబాటులోకి వచ్చింది. ఆ ఏడే సెల్‌ఫోను కూడా వచ్చింది. 2016లో యూపీఐ రావడంతో గుడివీధి పూలకొట్టుకు సైతం ఫోను మీదనే పైకం చేరే వీలు కలిగింది. నేడు నగరాలలోని పెద్ద పూల సంస్థలు చిన్న పట్టణాల దుకాణాలతో ఒప్పందాలు చేసుకొని ఆర్డర్లు తీసుకుంటున్నాయి. ఇచ్చట దాతలు గమనించవలసిన చిక్కు ఒకటి ఉన్నది. వేసవిలో న్యూజెర్సీలో శుక్రవారం రాత్రి ఎనిమిదిన్నర అయినప్పుడు మన నంద్యాలలో శనివారం ఉదయం ఆరు గంటలు. వారి 'ఈ దినం' మన 'ఈ దినం' కాదు. తిథి వార నక్షత్రాలు స్వామి ఉన్న ఊరి సూర్యోదయాన్ని బట్టి లెక్కించాలి కాని, ఆర్డరు ఇచ్చిన ఊరి గడియారాన్ని బట్టి కాదు.

ఒక అనుభవం

ఈ వ్యాసకర్త బంధువర్గంలో జరిగిన సంగతి ఒకటి మనవి చేస్తాను. అమెరికాలో ఉన్న మా మేనల్లుడు ఆళ్లగడ్డలో మా అక్కయ్య చేయించిన అభిషేకానికి పూలు పంపదలచి, ఒక సంస్థకు ముందుగానే పైకం చెల్లించాడు. ఉదయం పదింటికి అభిషేకం ముగిసింది. పూలు సాయంకాలం వచ్చాయి. అవి కూడా ప్లాస్టిక్కు కాగితంలో చుట్టి, ఇనుప తీగతో కట్టి, నురుగు దిమ్మలో గుచ్చిన పరిమళం లేని పూలు. పుట్టినరోజుకు అవి అందమే. దేవునికి మాత్రం పెట్టడానికి వీలు లేకపోయింది. అక్కయ్య కళ్లనీళ్లు పెట్టుకుంది. కొడుకు ధనం వృథా అయినందుకు కాదు, వాని తలంపు స్వామిని చేరలేదే అని.

గుడివీధిలో పూలమ్మే ఆమె ఆ గుచ్ఛాన్ని చూసి, "రేపు తెల్లారేసరికి తాజా మాల నేను తెస్తాలే అక్కా, దుడ్లు పిల్లోన్ని ఫోన్లో వేయమను" అన్నది. మరునాడు సూర్యోదయానికి మల్లెలు, కనకాంబరాలు, మరువం కలిపి కట్టిన మాల వచ్చింది. నాటి నుండి ప్రతి సోమవారం మా మేనల్లుడు ఆమెకే నేరుగా పైకం పంపుతున్నాడు. ఆమె ఆ పిల్లవాని గోత్రనామాలు కూడా నేర్చుకొని, మాలతో పాటు అర్చకస్వామికి వినిపిస్తున్నది. మధ్యలో ఏ సంస్థయూ లేదు. పూచీ తెలిసిన మనిషి ఉన్నది.

దాతలకు మనవి

చరిత్ర మనకు చెప్పేది ఇది. పూర్వపు దాత ఒక్కసారి ఇచ్చి ప్రతిదినం పూలు పంపినాడు. నేటి దాత ఒక్కసారి ఇచ్చి ఒక్కదినం పంపుతున్నాడు. ఆ ఒక్కదినపు పువ్వు తక్కువ కాదు. జన్మదినానికో, పెద్దల తిథికో దూరాన ఉన్నవాని హృదయం స్వామి పాదాల వద్ద ఉండడం గొప్ప విషయమే. అయితే పునరుద్ధరించబడిన ఆలయానికి ప్రాకారం, గోపురం ఎంత అవసరమో, నీటి వసతి గల చిన్న నందనవనం అంత అవసరం. నాలుగు సెంట్ల స్థలం, ఒక బోరుబావి, ఒక తోటమాలి జీతం—ఇంతటితో నందివర్ధనం, గన్నేరు, మల్లె, పారిజాతం, తులసి ఏడాది పొడవునా స్వామికి లోపం లేకుండా జరుగుతాయి. ఆలయం పక్కన బిల్వవృక్షం ఒక్కటున్నను కొన్ని తరాల అర్చన సాగుతుంది.

తోటకు స్థలం లేని చోట గుడివీధి పూలవారితో ఆలయమే నిత్యమాలకు ఒప్పందం చేసుకోవచ్చు. దూరదేశంలోని భక్తుడు తన నక్షత్రం నాటికి ముందుగా తెలియజేస్తే, పూసిన నాటి పువ్వు ఆ ఉదయమే స్వామిని చేరుతుంది. వాడిన నిర్మాల్యాన్ని కాలువ పాలు చేయక ఎరువుగా మార్చి తోటకే తిరిగి ఇవ్వవచ్చు. తిరుమల తిరుపతి దేవస్థానం వారు 2021 నుండి అలంకరణకు వాడిన పూలతో అగరువత్తులు తయారు చేయడం మనకు మార్గదర్శకం.

ఈ ఆలయ శిలలకు ఉలి పట్టిన శిల్పులకు, ధనం సమర్పించిన దాతలకు ఈ సంచికలో కృతజ్ఞత తెలుపుకుంటున్నాము. వారితో పాటు రేపటి తెల్లవారుజామున చేతిలో గంపతో తోటలోకి అడుగుపెట్టే, ఇంకా మనకు పేరు తెలియని ఆ పూలు కోసే తల్లికి కూడ వందనం. కుంభాభిషేకం ఒక్కనాటి ఉత్సవం. ఆమె తెచ్చే పువ్వు నిత్యోత్సవం. ఆ నిత్యోత్సవం నిరాటంకంగా సాగేటట్లు స్వామి మనకు బుద్ధిని, శక్తిని ప్రసాదించుగాక.

శుభం భూయాత్.